ఎలుకలు లేని కరపత్రంతో దివిసీమకు

కృష్ణా డెల్టాకి కొందరు కూచిపూడి నాట్యం చూడ్డానికి వెళ్తారు, కొందరు పెడనలో కలంకారీ బట్టలు కొనడానికి వెళ్తారు. నేను ఒక థర్మకోల్ పెట్టె వెంట వెళ్లాను. నాలుగు రోజులు తిరిగాను. ఆ దారిన వెళ్లనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నిజానికి కొంత నా కోసమే.

మాది అనంతపురం వైపు. ఒక విశ్వవిద్యాలయం ప్రచురణల విభాగంలో ఇరవై రెండేళ్లుగా పని చేస్తున్నాను. స్నాతకోత్సవ ఆహ్వానం, కొత్త కోర్సు ప్రకటన, ఎవరైనా పోతే సంతాప సందేశం, తెలుగులో ఏది కావాలన్నా నా బల్ల మీదికే వస్తుంది. అలాగే ఒకరోజు ప్రొఫెసర్ సుదర్శనం గారి జన్యు పరిశోధన వచ్చింది.

ఆయన పదిహేనేళ్ల పనిని నాకర్థమైనంతలో చెప్తాను. ఒంట్లోని కణానికి 'ఫలానా ప్రోటీను తయారు చెయ్యి' అని చెప్పే జన్యు సందేశం ఒకటుంటుంది. దాన్ని ఉత్తినే ఒంట్లోకి ఎక్కిస్తే దారిలోనే చితికిపోతుంది. అందుకని కంటికి కనపడని ఒక కొవ్వు బుడగలో పెట్టి పంపాలి. ఆ బుడగ మా ప్రొఫెసర్ గారిది. వ్యాక్సిన్లకి పనికొస్తుంది. క్యాన్సర్ గడ్డని శత్రువుగా గుర్తుపట్టమని ఒంటికి నేర్పడానికీ పనికొస్తుంది. రావచ్చు, అని ఆయన అంటారు.

పరిశోధనలు బీరువాల్లో మగ్గకూడదు, మార్కెట్లోకి రావాలని మా ఉపకులపతి గారు నిర్ణయించారు. ఒక కంపెనీ పెట్టించి, ముప్పై ఏళ్ల కార్తీక్‌ని సీఈఓగా తెచ్చారు. చురుకైన కుర్రాడు. ప్రతి రెండో వాక్యంలో 'ఎకోసిస్టమ్' అనేవాడు. నేను దాన్ని 'జీవావరణం' అని తెలుగు చేస్తే, చెరువులో కప్పలున్నట్టుంది మేడమ్, అని కొట్టేశాడు.

పెట్టుబడి పెట్టగలిగినవాళ్లు కృష్ణా డెల్టాలో చేపలు, రొయ్యలు పెంచుతున్నారని, వాళ్లకి తెలుగులో చెప్పాలని కార్తీక్ కనిపెట్టాడు. అలా కరపత్రం నా చేతికొచ్చింది. ప్రొఫెసర్ గారి ఇంగ్లీషుని నేను 'గడ్డలున్న ఎలుకల్లో ఆశాజనకమైన ఫలితాలు కనిపించాయి' అని రాశాను. కార్తీక్ చదివి తల అడ్డంగా ఊపాడు.

"ఎలుకలు చదివేవాళ్ల మూడ్ పాడు చేస్తాయి మేడమ్."

నా చేత్తోనే ఎలుకల్ని తీసేశాను. ఆశాజనకం అనే మాట కూడా నీరసంగా ఉందన్నాడు. చివరికి 'క్యాన్సర్ గడ్డలు కరిగిపోయాయి' అని మిగిలింది. పైన శీర్షిక నాదే: క్యాన్సర్‌కు ఇక సెలవు. రాసిన రోజున బాగా కుదిరిందనే అనుకున్నాను. ప్రొఫెసర్ గారు, కార్తీక్, నేను పెట్టుబడి కోసం బయల్దేరడానికి రెండు నెలల ముందే ఆ కాగితం డెల్టాకి చేరింది.

గుడివాడ, నందివాడ

గుడివాడలో రైలు దిగేసరికి పెట్టెలోంచి పొగ రావడం ఆగిపోయింది. ఆ పెట్టెలో చిన్న గాజు సీసా ఒకటుంది. సీసాలో ఉన్నది మందు కాదు, సెలైన్ నీళ్లు. అసలు సరుకు ప్రయోగశాల ఫ్రీజర్ దాటితే పాడైపోతుంది. సీసా 'సింబాలిక్' అని కార్తీక్ చెప్పాడు. చుట్టూ పొగలు కక్కే డ్రై ఐస్ ఉంటే చూసేవాళ్లకి నమ్మకం కుదురుతుందట. ఆ ఐసు రైల్లోనే ఆవిరైపోయింది.

టిఫిన్‌కి కూర్చున్నాం. మా వైపు ఉగ్గాని, బజ్జీ పెట్టి ఊరుకుంటారు. ఇక్కడ ఇడ్లీ మీద ముందు నెయ్యి పోసేసి, ఆ తర్వాత "నెయ్యి వెయ్యమంటారాండీ" అని అడిగారు. ప్లేటు నలభై రూపాయలు, అల్లం చట్నీ ఎంత అడిగితే అంత. ఈ 'అండీ' కోపంలో కూడా వదలరు. రోడ్డు మధ్యలో ఫోన్ చూసుకుంటున్న కార్తీక్‌తో ఒక లారీ డ్రైవరు తల బయటికి పెట్టి, "చచ్చిపోతారండీ, కాస్త పక్కకి జరగండి" అన్నాడు. మా ఊళ్లో ఆ వాక్యం ఇంకోలా ఉండేది.

డ్రై ఐస్ ఎక్కడా దొరకలేదు. చేపలు ప్యాక్ చేసే షెడ్డులో ఐసు ముక్కలు నింపించుకున్నాం. పొగ రాలేదు గానీ పెట్టె చల్లబడింది.

నందివాడలో వరిచేల మధ్య చెరువులు. మా నాన్న వేయించిన మూడు బోర్లలో రెండింట దుమ్మే వచ్చింది. ఇక్కడ నేల తక్కువై నీళ్లు ఎక్కువైనట్టుంది. వెంకటరత్నం గారు చెరువు గట్టు మీద కుర్చీలు వేయించి కూర్చోబెట్టారు. అరవై ఏళ్ల మనిషి, మోకాళ్ల దాకా పంచె. కార్తీక్ ల్యాప్‌టాప్‌లో బొమ్మలన్నీ ఓపిగ్గా చూసి ఒకే మాట అడిగారు.

"చేపకి పనిచేస్తదాండీ?"

ప్రొఫెసర్ గారు నోరు తెరిచేలోగా కార్తీక్ అన్నాడు. "ఇది ప్లాట్‌ఫామ్ అండీ. దేనికైనా పనిచేస్తుంది."

"మా శీలావతికి ఒంటినిండా ఎర్రమచ్చలొచ్చి తేలిపోతన్నాయి. ఒక్కోదాన్ని పట్టుకుని సూది వెయ్యాలంటే ఎట్టాగండి? మేతలో కలుపుకునేది ఉందా?"

"అది మా రోడ్‌మ్యాప్‌లో ఉంది."

ప్రొఫెసర్ గారు నా వైపు వంగి మెల్లగా అడిగారు. "శీలావతి అంటే ఎవరమ్మా?"

చేపండీ, అని చెప్పాను. ఆయన కంగారుపడ్డారు. "నేను జన్మలో చేప మీద పని చెయ్యలేదు" అన్నారు. చెరువు గాలికి ఆ మాట ఎవరికీ వినపడలేదు. మధ్యాహ్నం బొచ్చె చేప పులుసుతో భోజనం పెట్టారు. అంత చిక్కని పులుసు నేనెక్కడా తినలేదు. మేం చేతులు కడుక్కునేలోపు మనుషుల క్యాన్సర్ కంపెనీ చేపల మేత కంపెనీ అయిపోయింది. వెంకటరత్నం గారు మాత్రం, ముందు ఒక చెరువులో చేసి చూపించండి, ఆ తర్వాత మాట్లాడుకుందాం, అని మమ్మల్ని సాగనంపారు.

బందరు

మచిలీపట్నం అని బోర్డుల మీద ఉంటుంది. మనుషులు బందరు అంటారు. పెడన మీదుగా వచ్చి, రెండో రోజు జిలానీ గారి కార్ఖానాకి వెళ్లాం. రోల్డ్‌గోల్డు గాజులు, గొలుసులు తయారు చేస్తారు. రాగి తీగ మీద బంగారు పూత. ఈ సందుల్లో ప్రతి మూడో గడపలో ఎవరో ఒకరు గొలుసు అతుకుతూ కనపడ్డారు.

జిలానీ గారు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని పెట్టె మూత తీశారు. వాసన చూశారు.

"చేపల మందాండీ?"

"మనుషుల మందండీ. ఐసు చేపలది" అన్నాను.

ఆయన నవ్వలేదు. సీసాని వెలుతురుకి పట్టి చూశారు. "లోపల సరుకేంటి, పైన పూతేంటి, అది చెప్పండి నాకు."

ఆ ఒక్క ప్రశ్నకి మా ప్రొఫెసర్ గారి మొహం వెలిగిపోయింది. ఆ ప్రయాణంలో ఆయన్ని ఆయన పని గురించి అడిగిన మొదటి మనిషి ఈయనే. గంటసేపు చెప్పారు. సందేశం ఎంత సున్నితమో, కొవ్వు పూత ఎలా పట్టించాలో, పూత మరీ మందమైతే కణం ఎందుకు మింగదో, అన్నీ చెప్పారు. జిలానీ గారు మధ్యమధ్య తన ఉప్పు ద్రావకాల గురించి, పూత పలచనైతే పడే మచ్చల గురించి చెప్పారు. పక్కనుంచి చూస్తే ఒకే వృత్తిలో ముసలైన ఇద్దరిలా ఉన్నారు. కార్తీక్ రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.

"పూత ఎన్నాళ్లు ఆగుద్దండి?"

"ఫ్రీజర్‌లో ఉంటే ఫరవాలేదు. మామూలు గదిలో కొన్ని గంటలు."

"మా బందరు ఎండల్లో అది కూడా ఉండదు." ఆయన సీసా దించి పెట్టారు. "మనుషులకి వేసి చూశారా?"

"ఇంకా లేదండీ. ఎలుకల దాకా వచ్చాం. మనుషుల దాకా రావాలంటే అనుమతులు, పరీక్షలు, చాలా ఏళ్లు పడుతుంది. అక్కడ పనిచెయ్యకపోవచ్చు కూడా."

జిలానీ గారు బల్ల సొరుగు లాగి మా కరపత్రం తీశారు. వేలు పెట్టి పైనుంచి కిందిదాకా చదివారు. మొహం మీద చిరాకు లేదు, అందుకే ఎక్కువ ఇబ్బందిగా అనిపించింది.

"ఇందులో ఆ ముక్క కనపడలేదండి. నేనమ్మేది కవరింగ్ నగలు. అయినా డబ్బా మీద కవరింగ్ అనే వేయిస్తాను. పెళ్లికెళ్లే ఆడవాళ్లు తెలిసే కొనుక్కుంటారు. అందులో తప్పేం ఉంది?"

పెట్టుబడి పెట్టనన్నారు. ప్రొఫెసర్ గారిని మాత్రం ఎప్పుడొచ్చినా తమ ఇంట్లోనే దిగమన్నారు. నల్ల హల్వా ఒక్కొక్కరికీ అరకిలో కట్టించి ఇచ్చారు. మా వైపు పాకం పప్పులతో సరిపెట్టుకునేవాళ్లకి ఈ హల్వా నోట్లో కరిగే తీరు వేరే లోకం. కారెక్కాక కార్తీక్, "ఆయనకి విజన్ లేదు" అన్నాడు. ప్రొఫెసర్ గారు హల్వా పొట్లం ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. నేను జిలానీ గారి నగల డబ్బా మీది అక్షరాల గురించే ఆలోచిస్తున్నాను.

నాగాయలంక

మూడో రోజు మోపిదేవి, అవనిగడ్డ దాటి దివిసీమ చివరికి వెళ్లాం. నాగాయలంకలో రొయ్యపిల్లల హేచరీ ఉన్న సుబ్బారావు గారు మా చివరి ఆశ. వాకిట్లో షామియానా వేయించారు. లోపల పీతల కూర, రొయ్యల వేపుడు, గోంగూర, ఏడెనిమిది రకాలు. పీతని ఎట్నుంచి మొదలుపెట్టాలో తెలియక నేను అవస్థ పడుతుంటే ఆయన భార్య వచ్చి పక్కన కూర్చుని, "ఇలా ఇవ్వండి వదినగారూ" అని కాళ్లన్నీ విరిచి పెట్టింది. ఒక్క పూట పరిచయానికి వదినని అయ్యాను. మా వైపు ఆ వరసకి కనీసం ఒక పెళ్లి కావాలి.

తిన్నాక సుబ్బారావు గారు కార్తీక్ భుజం మీద చెయ్యేసి షామియానా కిందికి తీసుకెళ్లారు. అక్కడ నలభై మందిదాకా కూర్చుని ఉన్నారు. చాలామంది చేతుల్లో ప్లాస్టిక్ కవర్లు, కవర్లలో ఎక్స్‌రేలు, ఫైళ్లు. ఒకాయన మెడకి గుడ్డ చుట్టుకున్నాడు. ఒకామె కుర్చీలో కూర్చోలేక పక్కమనిషి మీదికి ఒరిగి ఉంది.

"మీ కాగితం ఫొటో తీసి మా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టానండి. చుట్టుపక్కల లంకల్లోంచి కూడా వచ్చారు" అన్నారు సుబ్బారావు గారు. "చూడండి, డిమాండ్ ఎలా ఉందో."

కార్తీక్ ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు. కొంచెంసేపు తీశాడు. అలవాటు కొద్దీ తీశాడనుకుంటాను. మెడకి గుడ్డ కట్టుకున్నాయన కెమెరాకి దణ్ణం పెట్టేసరికి ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

ముందు వరసలోంచి ఒకావిడ లేచి వచ్చింది. పేరు నాంచారమ్మ. నలభై అయిదేళ్లుంటాయి. ఎదురుమొండి వైపు లంకలో ఉంటుంది. భర్త వేటకెళ్తాడు, ఆమె చేపలు అమ్ముతుంది. పొద్దున్నే రేవులో పంటు ఎక్కి ఏరు దాటి, అక్కణ్ణుంచి ఆటోలో వచ్చింది. నా చేతిలో పెట్టె ఉంది కాబట్టి నన్నే అడిగింది.

"ఆ మందు ఇదేనాండి అమ్మగారూ?"

నేను కార్తీక్ వైపు చూశాను. అతను సుబ్బారావు గారి వైపు చూశాడు. ప్రొఫెసర్ గారు కుర్చీలోంచి లేచి వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డారు. జిలానీ గారి దగ్గర తప్ప అప్పటిదాకా రోజుకి పది మాటలు మాట్లాడని మనిషి.

"కాదమ్మా. అందులో ఉన్నవి ఉప్పునీళ్లు."

"మరి మందు?"

"లేదు. మనుషులకిచ్చే మందు మా దగ్గర ఇంకా తయారు కాలేదు. వస్తుందో రాదో కూడా ఇప్పుడు చెప్పలేను."

"గడ్డలు కరిగిపోయాయని రాశారు కదండి."

"ఎలుకల్లో కరిగాయి."

"ఎలకలని రాయలేదండి."

"రాయలేదు" అన్నాను. "రాసింది నేనే. ఎలుకలు తీసేసింది కూడా నేనే."

ఆమె కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే బాగుండేది. చంకలోని కవరు తీసి ప్రొఫెసర్ గారికిచ్చింది. ఆయన ఫైలు మొదటి పేజీ నుంచి చదివారు. రొమ్ములో గడ్డ. విజయవాడలో పెద్ద ఆసుపత్రిలో కార్డు మీద ఉచితంగా వైద్యం. ఆరు విడతల ఇంజెక్షన్లు, ఆ తర్వాత ఆపరేషను. రెండు విడతలు అయ్యాయి. మూడో దానికి వెళ్లాల్సిన తేదీ దాటి నెలన్నర.

"ఎందుకు మానేశావమ్మా?" అని ఆయన అడిగారు. నాకు సమాధానం అప్పటికే తెలిసిపోయింది.

"ఆ ఇంజెక్షన్లకి వాంతులయ్యేయండి. జుట్టంతా ఊడిపోయింది. తట్ట ఎత్తలేకపోయేదాన్ని. ఈలోపు ఈ కాగితం వచ్చింది. నాకు చదువు రాదు, మా అమ్మాయి చేత రెండుసార్లు చదివించుకున్నాను. సూదులక్కర్లేకుండా కరుగుద్దేమో, ఆగుదాం అనుకున్నాను." ఆమె నా వైపు తిరిగింది. "ఎలకలని ఉంటే మానేదాన్ని కాదండి."

ప్రొఫెసర్ గారు మైకు తీసుకున్నారు. ఎవరూ ఉన్న వైద్యం మానొద్దని, మానినవాళ్లు రేపే వెళ్లాలని, ఈ పెట్టెలో ఏమీ లేదని, అదే మాట మూడుసార్లు చెప్పారు. తర్వాత చీకటి పడేదాకా కూర్చుని ప్రతి ఫైలూ చదివి, ఎవరు ఏ డాక్టరు దగ్గరికెళ్లాలో వెనక రాసిచ్చారు. నేను పేర్లు పిలిచాను. వైద్యం మధ్యలో ఆపేసినవాళ్లు ఇంకెవరూ లేరు. అది తెలిసేదాకా నేను మంచినీళ్లు కూడా తాగలేదు.

సుబ్బారావు గారు నొచ్చుకున్నారు. "మీరు పెట్టుబడి అడగడానికొచ్చారా, వద్దని చెప్పడానికొచ్చారా అండీ" అన్నారు. ఆయన గ్రూపుల్లో ప్రొఫెసర్ గారు చెప్పింది పెట్టమని నేనడిగాను. గొణుక్కుంటూనే పెట్టారు.

విజయవాడ

నాలుగో రోజు ఇంకో చేపల వ్యాపారిని కలవాలి. కలవలేదు. నాంచారమ్మని, ఆమె ఫైలుని కారులో ఎక్కించుకుని విజయవాడ బయల్దేరాం. కార్తీక్ ముందు సీట్లో కూర్చున్నాడు. పామర్రు దాటాక వెనక్కి తిరిగి నాతో మెల్లగా అన్నాడు.

"మేడమ్, ఎలుకలు తీసెయ్యమని నేను చెప్పినట్టు గుర్తు లేదు."

"నాకు గుర్తుంది. తీసేసినట్టు కూడా గుర్తుంది."

అతను మళ్లీ ముందుకి తిరిగి కూర్చున్నాడు. ఆసుపత్రి దగ్గర దిగాక మాత్రం నాంచారమ్మ సంచి తనే పట్టుకున్నాడు, ఎవరు ఇమ్మన్నా ఇవ్వలేదు.

టోకెన్ల వరస చాలా పొడుగ్గా ఉంది. రెండు పేటెంట్లున్న మా ప్రొఫెసర్ గారు అందులో రెండు గంటలు నిలబడ్డారు. లోపల చిన్న వయసు డాక్టరమ్మ. ఫైలు చూసి ఆవిడ కళ్లజోడు తీసేసింది.

"ఎవరు మానెయ్యమన్నారు నిన్ను?"

నాంచారమ్మ నా వైపు చూడలేదు. "ఎవరూ అన్లేదండి. ఇంట్లో పనులు పడ్డాయి, నేనే మానేశాను."

"కాదండీ" అన్నాను. కరపత్రం తీసి బల్ల మీద పెట్టాను. "ఇది చదివి మానేసింది. ఇది రాసింది నేను."

డాక్టరమ్మ అంతా చదివింది. నన్ను తిడుతుందని నిలబడ్డాను. ఆవిడ సొరుగు తెరిచి ఒక కాగితాల కట్ట చూపించింది. ఏదో ఆకు పసరు, ఏదో యంత్రం, ఏదో నీళ్లు. పేషెంట్లు తెచ్చినవట. మా కాగితాన్ని కూడా ఆ కట్టలో పెట్టింది. "మీది అచ్చుతప్పులు లేకుండా ఉంది, అందుకే నమ్మింది" అంది.

తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. గడ్డ కొంచెం పెరిగింది, చెయ్యి దాటిపోలేదు. పరీక్షలు మళ్లీ చేసి, అదే రోజు మధ్యాహ్నం మూడో విడత మొదలుపెట్టారు. మిగిలిన మూడూ అయ్యాయి, ఆపరేషనూ అయింది. పూర్తిగా నయమైందా అని అడిగితే డాక్టరమ్మ, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి, అని మాత్రమే చెప్తుంది. ఆ జాగ్రత్త నాకు ఇప్పుడు ఎంతో మర్యాదగా వినిపిస్తుంది. ప్రొఫెసర్ గారు కంపెనీ నుంచి తప్పుకుని మళ్లీ ప్రయోగశాలలో కూర్చున్నారు. కరపత్రం వెనక్కి తీసుకోమని నేను రాసిన ఉత్తరం ఏదో ఫైల్లో ఉండిపోయింది, నేను పరీక్షల విభాగానికి బదిలీ అయ్యాను. ఇప్పుడు హాల్‌టికెట్లు చూస్తాను. వాటిలో ఆశాజనకంగా ఏమీ రాయక్కర్లేదు.

ఆ మధ్యాహ్నం వార్డులో ఆమె మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. నర్సు సూది గుచ్చి సీసా తగిలించి వెళ్లింది. నేను చుక్కలు పడ్డం చూస్తున్నాను. క్షమించమని అడగాలని నాలుగుసార్లు నోటిదాకా వచ్చింది. చివరికి మెల్లగా అడిగేశాను.

నాంచారమ్మ కళ్లు మూసుకునే విన్నది. తర్వాత తెరిచి నా మొహంలోకి చూసింది.

"పొద్దున్నించీ ఏమీ తిన్లేదు మీరు. ఇది సాయంత్రం దాకా ఎక్కుద్దండి. కిందికెళ్లి ఏమన్నా తిని రండి" అంది. నేను కదలకపోతే, సూది లేని చేత్తో నన్ను కొంచెం తోసింది. "వెళ్లండి. నేనెక్కడికీ పోను."